కంటి కాపలా: రోగనిరోధక వ్యవస్థకూ చూపుకూ మధ్య ఒప్పందం

చర్మం మీద దెబ్బ తగిలితే మచ్చ పడుతుంది. ఆ మచ్చతో జీవితమంతా హాయిగా బతికేయవచ్చు. ఊపిరితిత్తులు, కాలేయం కూడా ఇన్ఫెక్షన్లతో పోరాడిన గుర్తులు కొన్ని మిగిలినా తమ పని తాము చేసుకుపోతాయి. కంటికి ఆ వెసులుబాటు లేదు. కంటి ముందు అద్దంలా ఉండే కార్నియా మందం సుమారు అర మిల్లీమీటరు. దాని నడిమధ్యన చిన్న మచ్చ పడినా చాలు, చూపు మసకబారుతుంది. ఊళ్లలో ‘కంట్లో పువ్వు వేసింది’ అనేది దీన్నే. కంటి వెనుక గోడను అంటిపెట్టుకుని ఉండే రెటీనా నాడీ కణజాలం. మనిషి రెటీనాలో ఒకసారి చచ్చిన కణం మళ్లీ పుట్టదు. సూక్ష్మజీవిని చంపడానికి తెల్ల రక్తకణాలు మిగతా శరీరంలో వాడే ఆయుధాలనే ఇక్కడా విచ్చలవిడిగా వాడితే, సూక్ష్మజీవితో పాటు చూపూ పోతుంది. తాళపత్ర గ్రంథాల గదిలో నిప్పు రాజుకుంటే బిందెలతో నీళ్లు గుమ్మరించినవాడు మంట ఆర్పుతాడు గానీ గ్రంథాలను మిగల్చడు.

అందుకే రోగనిరోధక వ్యవస్థ కంట్లో అడుగుపెట్టేటప్పుడు తన తీరు మార్చుకుంటుంది. పైపొరల దగ్గర గట్టిగా కాపలా కాస్తుంది. లోపలికి వెళ్లేకొద్దీ చేతులు కట్టుకుంటుంది. ఈ సంయమనం సడలినప్పుడు కొన్ని జబ్బులు పుడతాయి. దాన్ని అలుసుగా తీసుకుని సూక్ష్మజీవులు లోపల మకాం వేసినప్పుడు మరికొన్ని పుడతాయి. ఎర్రబడిన కన్ను మొదలుకొని ముసలితనంలో చూపు మధ్యలో ఏర్పడే నల్లమచ్చ దాకా, చాలా కంటి జబ్బుల మూలాలు ఈ ఒప్పందంలోనే దొరుకుతాయి.

కన్నీరు చేసే పని

మొదటి కాపలా కన్నీటిది. ఏడ్చినప్పుడు కారేది అందరికీ కనిపిస్తుంది. దానికంటే ముఖ్యమైనది ప్రతి రెప్పపాటుకూ కంటి మీద కొత్తగా పరచుకునే పలుచని పొర. రెప్పల అంచుల్లోని మైబోమియన్ గ్రంథులు దానికి నూనె అందిస్తాయి, అశ్రుగ్రంథి నీరు అందిస్తుంది, తెల్లగుడ్డు మీది గాబ్లెట్ కణాలు జిగురు అందిస్తాయి. ఈ నీటిలో లైసోజైమ్, లాక్టోఫెరిన్ అనే ప్రోటీన్లు, ఐజిఏ రకం యాంటీబాడీలు ఉంటాయి. లైసోజైమ్ బ్యాక్టీరియా గోడను కోస్తుంది. లాక్టోఫెరిన్ బ్యాక్టీరియాకు కావలసిన ఇనుమును ముందే లాగేసుకుంటుంది.

లైసోజైమ్‌ను గుర్తించింది అలెగ్జాండర్ ఫ్లెమింగ్. పెన్సిలిన్ కంటే ఏడేళ్ల ముందు, 1921లో, లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో తన ముక్కు నుంచి తీసిన చీమిడి కొన్ని బ్యాక్టీరియాలను కరిగించడం ఆయన చూశాడు. కన్నీటిలో ఆ పదార్థం మరింత దండిగా ఉందని తేలాక ప్రయోగశాలలో కన్నీటికి గిరాకీ పెరిగింది. సహోద్యోగుల కళ్లలో నిమ్మతొక్క పిండి మరీ కన్నీళ్లు సేకరించేవారు. ఫ్లెమింగ్ పేరు చెబితే లోకానికి పెన్సిలినే గుర్తుకొస్తుంది గానీ, శరీరం తనంతట తాను తయారుచేసుకునే సూక్ష్మజీవి సంహారిని చూపించిన ఈ పని కూడా తక్కువదేమీ కాదు.

రాత్రి కన్ను మూసుకున్నాక కన్నీటి తీరు మారిపోతుంది. రెప్పపాటు ఉండదు, కొత్త నీరు ఊరడం బాగా తగ్గుతుంది, ఆ లోటు పూడ్చడానికి ఐజిఏ పెరుగుతుంది, తెల్ల రక్తకణాలు పెద్ద సంఖ్యలో వచ్చి చేరతాయి. ఆక్సిజన్ తక్కువగా ఉండే ఆ గంటల్లో కంటి ఉపరితలం ఒక మోస్తరు యుద్ధ సన్నద్ధతలో ఉంటుంది. కాంటాక్ట్ లెన్సులు తీయకుండా నిద్రపోయేవారికి కార్నియా పుండ్లు ఎక్కువగా రావడానికి ఈ ఏర్పాటుకు అడ్డు తగలడం కూడా ఒక కారణం.

ఈ తొలి కాపలా నిలబడాలంటే విటమిన్ ఏ కావాలి. అది కొరవడితే జిగురు కణాలు అంతరించి తెల్లగుడ్డు ఎండిపోతుంది, దాని మీద నురగలాంటి బైటాట్ మచ్చలు తేలతాయి. అంతకంటే ముందే రేచీకటి కనిపిస్తుంది. ఆ దశలో పిల్లవాడికి తట్టు సోకితే కార్నియా రోజుల వ్యవధిలో కరిగిపోవచ్చు. ఒకప్పుడు భారతదేశంలో పసిపిల్లల అంధత్వానికి ఇది ప్రధాన కారణం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 1960ల్లో చేసిన పరిశోధనల ఆధారంగానే, పిల్లలకు ఆరు నెలలకొకసారి పెద్ద మోతాదులో విటమిన్ ఏ ద్రావణం తాగించే జాతీయ కార్యక్రమం 1970లో మొదలైంది.

కన్నీటి గ్రంథుల మీదే రోగనిరోధక వ్యవస్థ తిరగబడే జబ్బు ఒకటుంది. స్వీడన్ కంటివైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ 1933లో తన సిద్ధాంత గ్రంథంలో 19 మంది స్త్రీల కథ రాశాడు. వాళ్లకు కళ్లు ఎండిపోయాయి, నోరు ఎండిపోయింది, చాలామందికి కీళ్లవాతం కూడా ఉంది. తెల్ల రక్తకణాలు అశ్రుగ్రంథుల్లోకి, లాలాజల గ్రంథుల్లోకి చొరబడి వాటిని నాశనం చేస్తాయని తర్వాత తేలింది. ఇప్పుడు ఈ జబ్బు షోగ్రెన్ పేరుతోనే చలామణీ అవుతోంది. మిగతా కారణాల వల్ల వచ్చే పొడికంటిలోనూ వాపు ప్రక్రియ పాత్ర ఉందని గుర్తించాక, అవయవ మార్పిడిలో వాడే సైక్లోస్పోరిన్ కంటి చుక్కల రూపంలోకి వచ్చింది. అమెరికాలో దానికి 2002లో అనుమతి లభించింది.

సున్నం కాల్చిన కన్ను, నిలిచిన అతుకు

1905 డిసెంబర్ 7న, నేటి చెక్ దేశంలోని ఒలొమొత్స్ పట్టణంలో ఎడ్వర్డ్ జిర్మ్ అనే వైద్యుడు, సున్నం పడి రెండు కళ్లూ పోగొట్టుకున్న ఒక కూలీకి కార్నియా అతికించాడు. గాయం వల్ల తీసేయవలసి వచ్చిన ఒక పదకొండేళ్ల బాలుడి కంటి నుంచి ఆ కార్నియా వచ్చింది. ఒక కంట్లో వేసిన అతుకు నిలిచింది, కూలీ మళ్లీ పనిలోకి వెళ్లాడు. అప్పటికి కణజాల పోలిక చూడటం తెలియదు, రోగనిరోధక శక్తిని అణిచే మందులు లేవు. కిడ్నీ మార్పిడి తొలిసారి నిలదొక్కుకోవడానికి 1954 దాకా ఆగాల్సి వచ్చింది. అది కూడా కవల సోదరుల మధ్య కాబట్టే సాధ్యమైంది. అంతకు అర్ధశతాబ్దం ముందే ఒక పరాయి కార్నియాను శరీరం ఎందుకు సహించింది?

జవాబు వైపు మొదటి అడుగు బ్రిటిష్ జీవశాస్త్రవేత్త పీటర్ మెడావర్‌ది. 1948లో ఆయన కుందేళ్ల కంటి ముందు గదిలో వేరే కుందేళ్ల చర్మం ముక్కలు నాటాడు. ఒంటి మీద నాటితే కొద్ది రోజుల్లో కుళ్లి రాలిపోయే ఆ ముక్కలు కంట్లో చాలాకాలం బతికాయి. కంటి లోపలి నుంచి లింఫ్ నాళాలు బయటికి వెళ్లవు కాబట్టి, లోపల పరాయి వస్తువు ఉన్న సంగతి రోగనిరోధక వ్యవస్థకు తెలియదన్నది అప్పటి వివరణ. రోగనిరోధక సహనం మీద చేసిన వేరే పనికి మెడావర్‌కు 1960లో నోబెల్ బహుమతి వచ్చింది.

వివరణ సగమే నిజమైంది. 1970ల్లో అమెరికాలో హెన్రీ కప్లాన్, వేన్ స్ట్రైలైన్ చేసిన ప్రయోగాల్లో, కంటి ముందు గదిలో పెట్టిన పరాయి పదార్థం గురించి రోగనిరోధక వ్యవస్థకు బాగానే తెలుస్తుందని బయటపడింది. అక్కడి కణాలు ఆ సమాచారాన్ని రక్తం ద్వారా ప్లీహానికి మోసుకెళ్తాయి. అయితే ప్లీహం నుంచి వచ్చేవి దాడి చేసే కణాలు కావు, దాడిని అదుపు చేసే టి కణాలు. కన్ను ముసుగు తన్ని పడుకోవడం లేదు, పైనుంచి ఉత్తర్వులు మార్పిస్తోందన్నమాట. కంటి లోపలి నీటిలో టిజిఎఫ్-బీటా వంటి శాంతపరిచే పదార్థాలు కరిగి ఉంటాయి. 1995లో థామస్ ఫెర్గూసన్ బృందం ఇంకో అంచె చూపించింది: కంటి కణాల పైన ఫాస్ లైగండ్ అనే ప్రోటీన్ ఉంటుంది, ఆవేశంతో లోపలికి వచ్చిన తెల్ల రక్తకణం దాన్ని తాకగానే తనను తానే చంపుకుంటుంది.

కార్నియాలో రక్తనాళాలు లేకపోవడం కూడా దానంతట జరిగింది కాదు. రక్తనాళాలను పిలిచే సంకేతాన్ని మధ్యలోనే పట్టి మింగేసే ఒక ప్రోటీన్‌ను కార్నియా నిరంతరం తయారు చేసుకుంటుందని జయకృష్ణ అంబటి, బాలమురళి అంబటి సోదరులు పనిచేసిన బృందం 2006లో ప్రకటించింది. ఆ ప్రోటీన్ లేని మనటీ అనే నీటి జంతువు కార్నియాలో మాత్రం రక్తనాళాలు అల్లుకుని ఉంటాయి. ప్రకృతి ఈ ఒక్క జంతువునే ఎందుకు మినహాయించిందో గానీ, శాస్త్రవేత్తలకు మాత్రం అడగకుండా దొరికిన సాక్ష్యం అది.

రోగనిరోధక దాడి నుంచి కంటికి దొరికిన ఈ మినహాయింపు వల్లే కార్నియా మార్పిడికి సాధారణంగా రక్తం గ్రూపు గానీ కణజాల పోలిక గానీ చూడరు. రక్తనాళాలు పాకని కంట్లో తొలిసారి వేసిన అతుకుల్లో పదింట తొమ్మిది దాకా ఏడాది తర్వాత కూడా తేటగానే ఉంటాయి. పాత ఇన్ఫెక్షన్ల వల్ల, రసాయనాల వల్ల రక్తనాళాలు లోపలికి పాకిన కళ్లలో ఈ లెక్క తారుమారవుతుంది. అక్కడ రోగనిరోధక వ్యవస్థకు దారి ముందే పడి ఉంటుంది.

సున్నం గాయాలు ఈ రెండో కోవలోవి. కిళ్లీలో వేసుకునే సున్నం ప్యాకెట్ నొక్కితే చిట్లి పిల్లల కళ్లలో పడటం మన దేశంలో ఇప్పటికీ జరుగుతోంది. క్షారం కార్నియా అంచున ఉండే మూలకణాలను మాడ్చేస్తుంది. కార్నియా ఎంత మంచిది తెచ్చి అతికించినా దాని పైపొరను నిలిపే మూలకణాలు లేకపోతే అది నిలవదు. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో వీరేందర్ సంగ్వాన్ బృందం 2012లో దీనికి ఒక సులువైన పద్ధతి ప్రకటించింది. రోగి రెండో కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, దాన్ని చిన్న చిన్న తునకలుగా కోసి, ఉమ్మనీటి సంచి పొర మీద పరిచి, దెబ్బతిన్న కంటి మీద అతికిస్తారు. ప్రయోగశాలలో వారాల తరబడి కణాలను పెంచే ఖర్చు లేదు. సొంత కణజాలం కాబట్టి తిరస్కరణ బెడద లేదు. రెండు కళ్లూ కాలిపోయినవారికి బంధువుల నుంచో దాతల నుంచో తీసుకోక తప్పదు. అప్పుడు ఏళ్ల తరబడి రోగనిరోధక శక్తిని అణిచే మందులు మింగాల్సి వస్తుంది. ఒకే శస్త్రచికిత్సలో సొంత కణానికీ పరాయి కణానికీ ఉన్న తేడా ఇంత స్పష్టంగా కనబడే చోటు వైద్యంలో అరుదు.

ఒక కంటి గాయం, రెండో కంటి చీకటి

ఫ్రాన్స్‌లోని కూప్రే గ్రామంలో తోలు పనివాడి కొడుకు లూయీ బ్రెయిలీ 1812లో, మూడేళ్ల వయసులో, తండ్రి పనిముట్టుతో ఒక కన్ను పొడుచుకున్నాడు. కొంతకాలానికి రెండో కన్నూ పోయింది. అయిదేళ్లు వచ్చేసరికి పిల్లవాడు పూర్తిగా అంధుడయ్యాడు. ఇన్ఫెక్షన్ పాకిందని చాలాకాలం అనుకున్నారు. ఇప్పటి వైద్యులు చాలామంది ‘సింపథెటిక్ ఆఫ్తాల్మియా’ను అనుమానిస్తారు.

ఈ జబ్బు కంటి మినహాయింపుకు మరో ముఖం. కంటి లోపలి కొన్ని ప్రోటీన్లు పుట్టినప్పటి నుంచీ గోడల వెనుకే ఉంటాయి, మిగతా శరీరానికి వాటితో పెద్దగా పరిచయం ఉండదు. లోతైన గాయం అయినప్పుడు అవి బయటపడి లింఫ్ గ్రంథులకు చేరతాయి. వాటిని పరాయివిగా లెక్కగట్టిన టి కణాలు గాయపడిన కంటితో ఆగవు, అవే ప్రోటీన్లున్న రెండో కంటి మీదా విరుచుకుపడతాయి. గాయమైన రెండు వారాల నుంచి ఏళ్ల తర్వాత దాకా ఎప్పుడైనా ఇది రావచ్చు. చూపు తిరిగి వచ్చే ఆశ లేని కన్నును రెండు వారాల్లోపే తీసేయాలన్న పాత నియమం అందుకే పుట్టింది. గాయాలను సూక్ష్మదర్శిని కింద వెంటనే కుట్టగలగడం, స్టెరాయిడ్లు అందుబాటులోకి రావడంతో ఇప్పుడు ఈ జబ్బు అరుదైపోయింది. ఆ నియమాన్ని గుడ్డిగా పాటించడమూ తగ్గింది.

దీనికి దగ్గరి చుట్టం వోగ్ట్-కొయనాగి-హరాడా వ్యాధి. ఇక్కడ గాయం ఏమీ ఉండదు. రంగునిచ్చే మెలనోసైట్ కణాల మీద దాడి జరుగుతుంది. అవి కంట్లో, చెవిలో, చర్మంలో, వెంట్రుకల్లో ఉంటాయి కాబట్టి లక్షణాలూ అలాగే వస్తాయి: మొదట తలనొప్పి, చెవుల్లో హోరు, రెండు కళ్లకూ మసక, నెలల తర్వాత కనురెప్పల వెంట్రుకలు నెరవడం, చర్మం మీద తెల్లమచ్చలు. ఆసియా వాసుల్లో, అమెరికా మూలవాసుల్లో ఎక్కువ. బొల్లి అనుకుని చర్మవైద్యుడి దగ్గర, తలనొప్పి అనుకుని నరాల వైద్యుడి దగ్గర తిరిగేసరికి కంటికి అమూల్యమైన వారాలు గడిచిపోతాయి.

యువియైటిస్ అనే పెద్ద కుటుంబం

కంటిపాప చుట్టూ ఉండే రంగుపొర, దాని వెనుక భాగం, రెటీనా కింద రక్తనాళాలతో నిండిన పొర కలిపితే యువియా. ఇందులో వాపు వస్తే యువియైటిస్. కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, వెలుతురు చూడలేకపోవడం ముందుభాగం రకానికి గుర్తులు. స్లిట్ ల్యాంప్ వెలుగులో చూస్తే కంటి లోపలి నీటిలో తెల్ల రక్తకణాలు సూర్యకిరణంలో ధూళిలా తేలుతుంటాయి. కండ్లకలక అనుకుని చుక్కలు వేసుకుంటూ కూర్చుంటే కంటిపాప అంచు లోపలి లెన్స్‌కు అతుక్కుపోతుంది.

కారణం చాలాసార్లు కంటికి బయట ఉంటుంది. తెల్లారి లేవగానే నడుము బిగుసుకుపోయి, కాసేపు నడిస్తే సడలే యువకుల్లో యాంకైలోజింగ్ స్పాండిలైటిస్ ఉండవచ్చు. దానితోనూ, హఠాత్తుగా వచ్చే ముందుభాగం యువియైటిస్‌తోనూ హెచ్‌ఎల్‌ఏ-బి27 అనే జన్యువుకు సంబంధం ఉందని 1973లో బయటపడింది. టర్కీ చర్మవైద్యుడు హులూసీ బెచెట్ 1937లో వర్ణించిన జబ్బులో నోటిపూతలు, జననాంగాల పుండ్లు, కంటి వాపు కలిసి వస్తాయి. అది పాత పట్టుదారి పొడవునా, టర్కీ నుంచి జపాన్ దాకా, ఎక్కువగా కనిపిస్తుంది. కీళ్లవాతం వచ్చిన చిన్నపిల్లల సంగతి అన్నిటికంటే మోసపూరితం: కన్ను తెల్లగానే ఉంటుంది, పిల్లవాడు నొప్పి అనడు, లోపల వాపు నడుస్తూనే ఉంటుంది. అలాంటి పిల్లలకు ఏ ఫిర్యాదూ లేకపోయినా కొన్ని నెలలకొకసారి కళ్లు చూపించాలన్నది ఇందుకే.

భారతదేశంలో యువియైటిస్ అనగానే వైద్యుడికి క్షయ గుర్తుకు రావాలి. క్షయ బ్యాక్టీరియా నేరుగా కంట్లో ఉన్నప్పుడే కాకుండా, దాని ప్రోటీన్ల మీద శరీరానికి కలిగిన అతిస్పందన వల్ల కూడా కన్ను దెబ్బతింటుంది. హెన్రీ ఈల్స్ 1880లో వర్ణించిన ఈల్స్ వ్యాధిలో, ఆరోగ్యంగా కనిపించే యువకుడి రెటీనా రక్తనాళాలు వాచి, మూసుకుపోయి, కొత్తగా పుట్టిన బలహీనమైన నాళాలు చిట్లి కంట్లో రక్తస్రావం అవుతుంది. ఇది ఐరోపాలో అరుదైపోయింది. మన దేశపు రెటీనా క్లినిక్కుల్లో మాత్రం తెలిసిన ముఖమే.

మదురైలో జరిగినది ఇంకో రకం. 1993లో భారీ వరదల తర్వాత అక్కడి అరవింద్ కంటి ఆసుపత్రికి యువియైటిస్ రోగులు గుంపుగా రావడం మొదలైంది. ఎస్.ఆర్. రత్తినం బృందం వెతికితే ఎలుకల మూత్రంతో కలుషితమైన నీటి ద్వారా సోకే లెప్టోస్పైరా తేలింది. జ్వరం వచ్చి తగ్గిపోయిన వారాల తర్వాత కన్ను వాచింది. పుస్తకాల్లో అరుదని రాసి ఉన్న జబ్బును ఒక ప్రాంతీయ ఆసుపత్రి వరద నీళ్లలోంచి పట్టుకున్న ఈ ఉదంతం, యువియైటిస్ కారణాల పట్టికను పరాయి దేశాల పాఠ్యగ్రంథాల నుంచి యథాతథంగా తెచ్చుకోకూడదని చెప్పే గట్టి సాక్ష్యం.

దాక్కున్నవాళ్లు

రోగనిరోధక వ్యవస్థ మెతకగా ఉండే చోటు సూక్ష్మజీవికి మంచి ఆశ్రయం. 2014లో సియర్రా లియోన్‌లో ఎబోలా రోగులకు వైద్యం చేస్తూ తానే ఆ జబ్బు బారిన పడిన అమెరికన్ డాక్టర్ ఇయాన్ క్రోజియర్ అట్లాంటాలోని ఎమరీ ఆసుపత్రిలో చావు అంచుల దాకా వెళ్లి కోలుకున్నాడు. రక్తంలో వైరస్ లేదు. వారాల తర్వాత ఎడమ కన్ను తీవ్రంగా వాచింది. లోపలి నీటిని పరీక్షిస్తే అందులో ఎబోలా వైరస్ సజీవంగా ఉంది, కన్నీటిలో మాత్రం లేదు. నీలిరంగు కన్ను కొన్నాళ్లు ఆకుపచ్చగా మారింది. చికిత్స తర్వాత చూపూ, రంగూ తిరిగి వచ్చాయి. పశ్చిమాఫ్రికాలో ఎబోలా నుంచి బయటపడిన వేలమందికి కంటి పరీక్షలు చేయాలన్న పట్టుదల ఈ కేసుతో పెరిగింది.

ఎయిడ్స్ రోగుల్లో ఒకప్పుడు సైటోమెగాలో వైరస్ రెటీనాను మంట పాకినట్టు తినేసేది. 1996 తర్వాత మందుల కలయికతో టి కణాలు మళ్లీ పెరగడం మొదలైంది. అప్పుడు ఎవరూ ఊహించని సమస్య ఎదురైంది: శక్తి తిరిగివచ్చిన రోగనిరోధక వ్యవస్థ, రెటీనాలో మిగిలిన పాత వైరస్ ఆనవాళ్ల మీద దాడికి దిగి కొత్తగా యువియైటిస్ తెచ్చిపెట్టింది. నిరోధక శక్తి లేనప్పుడు ఒక రకంగా, వచ్చాక మరో రకంగా, అదే కన్ను రెండుసార్లు దెబ్బతిన్నది.

2021లో తెలుగు రాష్ట్రాలు ‘బ్లాక్ ఫంగస్’ పేరుతో చూసిన మ్యూకర్‌మైకోసిస్ మరో పాఠం. అదుపులేని మధుమేహం, కొవిడ్‌కు ఎడాపెడా వాడిన స్టెరాయిడ్లు కలిసి తెల్ల రక్తకణాలను నిర్వీర్యం చేశాయి. ముక్కులో, సైనస్‌లలో మొదలైన బూజు కంటి గూటిలోకి పాకింది. ఆ మే నెలలో తెలంగాణ ప్రభుత్వం దాన్ని తప్పనిసరిగా నమోదు చేయాల్సిన వ్యాధిగా ప్రకటించింది. ప్రాణం నిలబెట్టడానికి కన్ను తీసేయాల్సి వచ్చిన కుటుంబాలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి.

కాపలాయే కీడైనప్పుడు

ట్రకోమా కథలో క్లామీడియా బ్యాక్టీరియా పాత్ర మొదలు మాత్రమే. పసితనంలో మళ్లీ మళ్లీ సోకే ఇన్ఫెక్షన్‌కు రెప్పల లోపలి పొర ఇచ్చే స్పందనే మచ్చలుగా గట్టిపడుతుంది. మచ్చలు ముడుచుకుని రెప్ప అంచును లోపలికి తిప్పుతాయి, వెంట్రుకలు ప్రతి రెప్పపాటుకూ కార్నియాను గీకుతాయి. ఏళ్లు గడిచాక చూపు పోయే సమయానికి బ్యాక్టీరియా చాలాసార్లు కంట్లో ఉండనే ఉండదు. 1960ల నాటి టీకా ప్రయోగాల్లో టీకా వేసుకున్న కొందరికి తర్వాత ఇన్ఫెక్షన్ సోకితే జబ్బు ఇంకా ముదిరిందన్న సూచనలు కనిపించి, ఆ ప్రయత్నం వెనకబడింది. యాంటీబయాటిక్‌లు, ముఖం కడుక్కునే నీళ్లు, మరుగుదొడ్లు, రెప్పల ఆపరేషన్లే ట్రకోమాను అదుపు చేశాయి. ప్రజారోగ్య సమస్యగా ట్రకోమాను భారతదేశం నిర్మూలించిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 అక్టోబర్‌లో గుర్తించింది.

2023 జూలై, ఆగస్టుల్లో వానలతో పాటు తెలుగు రాష్ట్రాల్లో కండ్లకలక ఊళ్లకు ఊళ్లను చుట్టబెట్టింది. చాలామందికి వారం పది రోజుల్లో తగ్గిపోయే జబ్బు ఇది. అయితే అడినోవైరస్ రకంలో కొందరికి ఎరుపు తగ్గాక కార్నియా మీద నాణేల్లాంటి చిన్న తెల్లచుక్కలు తేలి మసక మిగులుతుంది. చచ్చిన వైరస్ శకలాల చుట్టూ చేరిన రోగనిరోధక కణాలవి.

వేసవిలో కళ్లు నులుముకుంటూ తిరిగే మగపిల్లల్లో కనిపించే అలర్జీ జబ్బు, వెర్నల్ కెరటోకంజంక్టివైటిస్, వేడి, పొడి వాతావరణాల్లో ఎక్కువ. పై రెప్ప తిప్పి చూస్తే లోపల బండలు పరిచినట్టు బొడిపెలు ఉంటాయి. యుక్తవయసు వచ్చేసరికి చాలామందికి దానంతట అదే తగ్గుతుంది. అంతదాకా ఓపిక పట్టలేక మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ చుక్కలతోనే అసలు ప్రమాదం.

స్టెరాయిడ్: రెండంచుల మందు

1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కీళ్లవాతం రోగికి కార్టిజోన్ ఇచ్చి చూపించిన ఫలితం వైద్యాన్నే కుదిపేసింది. రెండేళ్లకే నోబెల్ వచ్చింది. కంటివైద్యులకు అది వరప్రసాదమైంది. అంతకుముందు యువియైటిస్‌కు చేయగలిగింది చాలా తక్కువ. కొద్ది ఏళ్లలోనే మూల్యమూ తెలిసింది: దీర్ఘకాలం వాడితే కంటి ఒత్తిడి పెరిగి నీటికాసులు వస్తాయి, లెన్స్ వెనుక భాగంలో శుక్లం కడుతుంది. నీటికాసుల వల్ల పోయిన చూపు తిరిగి రాదు. దురద పోయిందని సంతోషించిన పిల్లవాడు పదేళ్ల తర్వాత కర్ర పట్టుకోవడం కంటి ఆసుపత్రుల్లో కొత్త సంగతేమీ కాదు.

రైతుల విషయంలో ఇది ఇంకా సూటిగా కనిపిస్తుంది. వరికోతల్లో ఆకు కొస, గడ్డిపరక కంటికి గీసుకుంటే ఫ్యుజేరియం, ఆస్పర్‌జిల్లస్ వంటి బూజులు కార్నియాలో దిగుతాయి. కొందరు పసరు పోస్తారు, కొందరు తల్లిపాలు పోస్తారు. ఇంకొందరు ఊరి షాపులో స్టెరాయిడ్ కలిసిన చుక్కల సీసా కొంటారు. మొదటి రెండు రోజులు ఎరుపు తగ్గి ఉపశమనంగానే ఉంటుంది, ఎందుకంటే పోరాడాల్సిన కణాలను ఆ మందు పడుకోబెట్టింది. బూజుకు అడ్డు లేకుండా పోతుంది. చీటీ లేకుండా ఈ చుక్కలు అమ్మడం చట్టరీత్యా తప్పే. తెలుగు పల్లెల్లో నివారించగలిగిన అంధత్వానికి ఇదొక కారణమని గట్టిగా చెప్పాల్సిందే.

స్టెరాయిడ్ బెడద తప్పించుకోవడానికి మెథోట్రెక్సేట్ లాంటి మాత్రలు, ఆ తర్వాత టిఎన్‌ఎఫ్ అనే ఒకే ఒక్క సంకేతాన్ని గురిపెట్టి ఆపే యాంటీబాడీలు వచ్చాయి. వాటిలో ఆడాలిముమాబ్‌కు ఇన్ఫెక్షన్ వల్ల రాని యువియైటిస్‌లో వాడటానికి 2016లో అమెరికా అనుమతి దొరికింది. భారతదేశంలో దాన్ని మొదలుపెట్టే ముందు దాగి ఉన్న క్షయ కోసం వెతకడం తప్పనిసరి. టిఎన్‌ఎఫ్‌ను అడ్డుకుంటే శరీరం గోడకట్టి ఉంచిన క్షయ బయటికొస్తుంది.

నరం, గూడు, ముదిమి

కంటినరం వాచి హఠాత్తుగా చూపు పోయే జబ్బుల్లో ఒకదాన్ని ఫ్రెంచి వైద్యుడు యూజీన్ దెవిక్ 1894లో వర్ణించాడు. వందేళ్లకు పైగా దాన్ని మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో ఒక రకమని అనుకున్నారు. మేయో క్లినిక్‌లో వాండా లెనన్ బృందం 2004లో దానికి ప్రత్యేకమైన యాంటీబాడీని పట్టుకుంది. కణాల్లోకి నీరు వెళ్లే ద్వారం, ఆక్వాపోరిన్-4, దాని గురి. ఒక్క రక్తపరీక్షతో రెండు జబ్బులూ విడిపోయాయి. మల్టిపుల్ స్క్లెరోసిస్ మందులు కొన్ని ఈ జబ్బును ఎక్కువ చేస్తాయి కాబట్టి ఆ విభజన రోగుల చూపును కాపాడింది. థైరాయిడ్ జబ్బులో కనుగుడ్లు ముందుకు పొడుచుకురావడమూ యాంటీబాడీల పనే. అవి కంటి గూటిలోని కొవ్వును, కండరాలను ఉబ్బిస్తాయి, పొగతాగేవారిలో ఇంకా ఎక్కువ.

వృద్ధుల్లో రెటీనా నడిబిందువు, మాక్యులా, క్షీణించే జబ్బును చాలాకాలం అరుగుదలగానే చూశారు. 2005లో మూడు బృందాలు విడివిడిగా ఒకే చోటికి చేరాయి. రక్తంలో కాంప్లిమెంట్ అనే ప్రాచీన రక్షణ ప్రోటీన్ల దండు ఉంటుంది. అది దారి తప్పకుండా కళ్లెం వేసే ఫ్యాక్టర్ హెచ్ జన్యువులో ఒక్క అక్షరం మార్పు ఉన్నవారికి ఈ జబ్బు ముప్పు బాగా ఎక్కువ. రెటీనా కింద పేరుకునే పసుపు చుక్కల్లోనూ అవే ప్రోటీన్లు దొరికాయి. అరుగుదల అనుకున్నదానిలో నిదానంగా నడిచే వాపు ఉందన్నమాట. కాంప్లిమెంట్‌ను అడ్డుకునే రెండు ఇంజెక్షన్లకు 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది. అవి నెలకో రెండు నెలలకో ఒకసారి కంట్లో పొడిపించుకోవాల్సినవి. మచ్చ పెరుగుదలను మందగిస్తాయి, పోయిన చూపును తేవు. ఆ కాస్త ఫలితానికి అంత ఖర్చూ, ఇంజెక్షన్ల వల్ల వచ్చే వాపు ముప్పూ భరించవచ్చా అన్న వాదన వైద్యుల మధ్య ఇంకా తెగలేదు.

కంటి మెతకదనం జన్యు చికిత్సకు మాత్రం కలిసొచ్చింది. ఆర్‌పీఈ65 జన్యులోపంతో పుట్టుకతోనే చూపు మందగించే పిల్లలకు, నిరపాయకరమైన వైరస్ మీద ఎక్కించిన మంచి జన్యువును రెటీనా కింద వదిలే లక్స్‌టర్నా చికిత్సకు 2017 డిసెంబర్‌లో అమెరికా అనుమతి ఇచ్చింది. వారసత్వ జబ్బుకు నేరుగా శరీరంలో చేసే జన్యు చికిత్సల్లో అక్కడ మొట్టమొదటిది ఇదే. ఇదే వైరస్‌ను కాలేయానికి పంపాలంటే చాలా పెద్ద మోతాదు కావాలి, శరీరం తిరగబడుతుంది. కంటికి చిటికెడు చాలు. ఆ చిటికెడుకు కూడా స్టెరాయిడ్ మాత్రల అండ ఇస్తారు. మోతాదు పెంచిన ప్రయోగాల్లో కన్ను వాచింది.

కేన్సర్ వైద్యం ఈ ఒప్పందాన్ని అనుకోకుండా మరో వైపు నుంచి పరీక్షిస్తోంది. టి కణాలకు ఉన్న కళ్లేలను విప్పి కేన్సర్ మీదికి వదిలే మందులకు దారి వేసిన జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజో 2018లో నోబెల్ అందుకున్నారు. ఆ కళ్లేల్లో ఒకదాన్ని బిగించే పీడీ-ఎల్1ను కన్ను తన రక్షణ కోసం సొంత కణాల మీదే ధరిస్తుంది. మందు దాన్నీ అడ్డుకుంటుంది. అందువల్ల ఈ చికిత్స పొందేవారిలో సుమారు నూటికి ఒకరికి పొడికన్ను, యువియైటిస్ వంటివి వస్తున్నాయి. చాలామందికి స్టెరాయిడ్ చుక్కలతోనే అదుపులోకి వస్తాయి, కేన్సర్ మందు ఆపాల్సిన అవసరం రాదు. కంటి వెనుక భాగం వాచినవారికి మాత్రం కంటివైద్యుడూ కేన్సర్ వైద్యుడూ కలిసి కూర్చుని, మందు కొనసాగించాలా వద్దా తేల్చుకోవాల్సి వస్తోంది.